రెండో పొట్లం

"ఆ పొట్లం ఎందుకు ఇప్పినవే? నీకేమన్న మతి పోయిందా?"

రుక్మిణమ్మ అరుపుకు గౌలిపుర సందులో సగం తలుపులు తెరుచుకున్నాయి. మిగతా సగం తలుపుల వెనక చెవులు చేరాయి.

బావిగట్టు దగ్గర ఆమె కూతురు సూర్యప్రభ కదలకుండా నిలబడి ఉంది. ఎడమ అరచేతిలో విప్పిన మోదుగాకు, ఆ ఆకులో రాత్రి విచ్చుకున్న మల్లెపువ్వు ఒకటి.

"ఇప్పాలని ఇప్పలేదమ్మా. బావిల వేద్దామనే తెచ్చిన. వాసనొచ్చింది."

"ఏం వాసన?"

"మల్లెపువ్వు వాసన."

రుక్మిణమ్మ తెరిచిన నోరు మూయలేదు. తాతల కాలం నుంచీ వేణుగోపాలస్వామి గుడికి దండలు కట్టే ఇల్లది. ఆ పొట్లంలో ఉండవలసింది ఎర్రమందారమనీ, మందారానికి వాసన ఉండదనీ ఆ ఇంట్లో ఒకరికొకరు చెప్పుకోనక్కర్లేదు.

సూర్యప్రభ మారుమనువుకి ఔనంటాడా కాదంటాడా అని నిన్న పొద్దున స్వామి ముందు రెండు పొట్లాలు పెట్టి, కోడలు అలివేలు కూతురి చేత ఒకటి తీయించారు. తెలుపు వస్తే ఔను, ఎరుపు వస్తే కాదు. ఆ పసిది తీసిన పొట్లంలో తెల్లపువ్వు వచ్చింది. ఇంకేం, ఇల్లంతా పండగే. ఉప్పుగూడ స్టేషన్‌లో టికెట్లిచ్చే రామ్‌చందర్‌కి కబురు వెళ్ళింది. ఈ సాయంత్రం అతనూ, అతని అక్క చంద్రమ్మా పూలూ పండ్లూ తీసుకుని మాట ఖాయం చేసుకోవడానికి వస్తున్నారు.

తీయని పొట్లాన్ని మాత్రం ఎవరూ విప్పకూడదు. దేవుడు వద్దన్నది మనిషి చూడకూడదని, దాన్ని అలాగే బావిలో విడవాలని ఆ ఇంటి ఆచారం. నిన్నటి సంబరంలో సూర్యప్రభ ఆ పని మరిచిపోయింది. పొట్లం పూలగంప మూలన తడిగుడ్డ కింద ఉండిపోయింది. లోపలి మొగ్గ మాత్రం తన పని తాను మరిచిపోలేదు, రాత్రికి విచ్చుకుంది.

"అంటే రెండిట్ల తెల్లపువ్వేనా?" అంది అలివేలు, చంకలో కూతుర్ని ఎగదోసుకుంటూ.

"నీకు తెల్వనట్టే అడుగుతున్నవ్!" రుక్మిణమ్మ కోడలి మీదికి తిరిగింది. "ఆడబిడ్డ ఎప్పుడు గడప దాటుతదా అని కండ్లల్ల ఒత్తులేస్కోని చూస్తున్నది నువ్వే గద!"

అలివేలు మొహం వాడిపోయింది. "అత్తా, ఆమె పోతే ఈ ఇంట్ల నాతోని మాట్లాడేటోళ్ళెవరు? నువ్వా? ఆమె పోతదంటే నిన్న నేను దొడ్లెకు పోయి ఏడ్చిన. నీకు కనవడలే."

"ఏడిస్తే కనవడదా..."

"ఇగ ఊకోండ్రి!" సూర్యప్రభ అన్న బాలకిషన్ నోట్లో వేపపుల్ల తీసి ఉమ్మాడు. లాడ్ బజార్‌లో పెళ్ళిదండల కొట్టు నడిపే మనిషి, బేరం తెగ్గొట్టినట్టు మాట్లాడతాడు. "ఎవరో మార్చిండ్రు. ఎవరైతే ఏంది? అది బావిల పారేయ్ చెల్లె. పొద్దుగూకేసరికి వాళ్ళొస్తరు. ఎవరికీ ఏం చెప్పకుండ్రి. బాత్ ఖతం."

"ఎవరు మార్చలే అన్నా," అంది సూర్యప్రభ.

ఆమె కుడిచేతిలో అరటినార ముక్క ఉంది. పొట్లానికి కట్టిన నార. దాన్ని ఆమె కోయలేదు, తెంపలేదు, ముడి విప్పకుండానే పక్కకి జార్చింది. ముడి అలాగే ఉంది. దండలు కట్టేవాళ్ళ ముడులు మనిషి మనిషికీ వేరు. బాలకిషన్ ముడి లావు, అలివేలుది వదులు. ఇది సన్నగా, రెండు చుట్లు తిరిగి లోపలికి తల దాచుకున్న ముడి.

బాలకిషన్ చూశాడు. అలివేలు చూసింది. రుక్మిణమ్మ చూసి, మెల్లగా వాకిటి అరుగు వైపు తల తిప్పింది.

అరుగు మీద ఆమె భర్త రంగనాథ్ కూర్చుని తులసిదండ కడుతున్నాడు. ఇంత లొల్లి జరుగుతుంటే తలెత్తని మనిషి ఆ ఇంట్లో ఆయనొక్కడే. ఆయనకి డెబ్బై దగ్గర పడ్డాయి. ఆ సందులో అందరూ ఆయన గురించి గొప్పగా చెప్పేది ఒక్కటే. రంగనాథ్ స్వామి ముందు అబద్ధమాడడు.

"బాపూ," అంది సూర్యప్రభ.

ఆయన వేళ్ళు ఆగాయి. కట్టిన దండ గంపలో పెట్టుకున్నాడు. లేచాడు. మోకాళ్ళు పట్టేసినట్టున్నాయి, గోడ పట్టుకున్నాడు.

"స్వామికి దండల యాళ్ళయింది," అన్నాడు ఎవరివైపూ చూడకుండా. గంప తలకెత్తుకుని సందులోకి వెళ్ళిపోయాడు.

రుక్మిణమ్మ బావిగట్టు మీద కూలబడింది. అరవడానికి కూడా ఆమెకి ఓపిక లేకపోయింది.

"మారుమనువని వాడకట్టంత మూతులు ముడుస్తుంటే ఏం జెప్పిన నేను? మాదేం లేదమ్మా, స్వామే ఔనన్నడు అని జెప్పిన. నిన్న ఇల్లిల్లు తిరిగి జెప్పిన. ఇప్పుడేం జెప్పాలె? స్వామి అనలే, మా ముసలాయన అన్నడని జెప్పాలెనా?"

సూర్యప్రభ మల్లెపువ్వుని ఆకులో తిరిగి పెట్టి, బావిలో వదిలింది. ఆచారం ప్రకారం అది ఆ క్షణానికి చేయవలసిన పనే. కానీ అది ఏ ఆచారానికీ పనికిరాని పువ్వని ఆమెకి తెలుసు.

*

వంటింట్లో అలివేలు బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నిజానికి ఏరడం లేదు, చేట ముందు పెట్టుకుని ఆడబిడ్డ మొహం చూస్తోంది.

"వదినే," అంది చివరికి, "ఒకటి అడగాలె. తిట్టొద్దు."

"అడుగు."

"దేవుడిచ్చిండో మామ ఇచ్చిండో, మొత్తానికి వచ్చింది తెల్లపువ్వే గద. చేస్కో. ఏమైతది?"

సూర్యప్రభకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మొహం ఎలా ఉంటుందో అలివేలుకి చూడగానే అర్థమై చేట పక్కన పెట్టేసింది.

"ఆయన నీకు నచ్చిండా లేదా, అది చెప్పు ముందు."

సూర్యప్రభ ఏం చెబుతుంది? ముప్పై దాటిన మనిషి. పదిహేనో ఏట, కాపురానికి పోకముందే మొగుడు పోతే, పుట్టింటి అరుగు మీద పూలగంప ముందు కూర్చుని ఇన్నేళ్ళు గడిపింది. నచ్చడం అనేది తనకి సంబంధించిన మాట కాదని ఎప్పుడో తేల్చుకుంది. అలాంటిది, భార్య పోయిన రామ్‌చందర్ శనివారం శనివారం తన కూతురు తులజను వెంటబెట్టుకుని దండకోసం వస్తుంటే, శుక్రవారం నుంచే చేతులు ఎందుకో తొందరపడేవి. అతను మాటలు తక్కువ మనిషి. "పిల్లకు ఒక మూరెడు ఇయ్యి," అనేవాడు. ఆమె పిల్లను కూర్చోబెట్టి జడలో పూలు తురిమేది. ఒకసారి తులజ ఆమె ఒళ్ళోనే నిద్రపోయింది. లేపబోతే అతను వద్దన్నాడు. పిల్ల లేచేదాకా అరుగు చివర కూర్చుని ఎదురుచూశాడు. ఆ మధ్యాహ్నం ఇద్దరూ ఒక్క మాటా మాట్లాడుకోలేదు. అంతకంటే మంచి మధ్యాహ్నం ఆమెకి గుర్తు లేదు.

"నచ్చిండు," అంది సూర్యప్రభ.

"మరింకేంది?"

"నచ్చిండనే భయం వదినే. నాకు నచ్చితే చాలదు. స్వామి ఔనంటేనే అని మొక్కుకున్న. నిన్న ఔనన్నడని ఒక్క దినం మస్తు సంబరపడ్డ. నిజం చెప్తున్న, నిద్ర గూడ పట్టలే. ఇప్పుడు ఆ ఔను లేదు. కాదు గూడ లేదు. ఏం పట్టుకోని గడప దాటాలె?"

అలివేలు కొంగుతో ఆడబిడ్డ కళ్ళు తుడిచి, "పో, మామను అడుగు," అంది. "మీ ఇద్దరికి ఆ స్వామికి నడుమ లొల్లి. మా అసొంటోళ్ళకు సమజ్ గాదు."

*

మధ్యాహ్నం గుడిలో నైవేద్యం వేళ. గర్భగుడి ముందు తెర వేసి ఉంది. లోపల అర్చకులు ఏదో సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. మంటపంలో స్తంభానికి ఆనుకుని రంగనాథ్ కూర్చున్నాడు, పక్కన ఖాళీ గంప.

సూర్యప్రభ వచ్చి కాస్త ఎడంగా కూర్చుంది. చిన్నప్పుడు ఎప్పుడూ ఆనుకునే కూర్చునేది.

"కోపమొచ్చిందా బిడ్డా?"

"వచ్చింది."

"రావాలె."

తెర వెనక గిన్నె ఏదో కింద పెట్టారు.

"ఎందుకు జేసినవ్ బాపు? నువ్వు జేసినవంటే ఎవరన్న నమ్ముతరా? నేనే నమ్మలే. నీ ముడి చూసినంక గూడ నమ్మలే."

రంగనాథ్ తన అరచేతులు తానే చూసుకున్నాడు.

"నీ మొదటి లగ్గానికి గూడ ఈడనే అడిగిన. గప్పుడు నిజంగనే కట్టిన, ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు. తెల్లపువ్వే ఇచ్చిండు. అమ్మవారు పోసి ఆ పిలగాడు పోయిండు. నీ చేతి గాజులు దీస్తుంటే నేను అరుగు మీద కూసోని దండ కడుతున్న. ఒక్కనాడు గూడ స్వామిని ఎందుకని అడగలే. ఆయన పూలపని ఒక్కపూట ఆపలే. గని, లోపల బుగులు, భయం జొచ్చింది."

ఆయన ఖాళీ గంపని దగ్గరికి లాక్కున్నాడు.

"నిన్న తెల్లారక ముందల మోదుగాకులు ముందలేస్కోని కూసున్న. మందారం చేతిల పట్టుకున్న. ఒకవేళ ఇదే వస్తేనో అనిపిచ్చింది. నా బిడ్డ ఇన్నేండ్లకు నవ్వింది, ఆ నవ్వు నా చేతితోనే కట్టిన పొట్లం ఆర్పేస్తేనో అనిపిచ్చింది. మందారం పక్కకు వెట్టిన. ఇంకో మొగ్గ దీస్కున్న. స్వామి మీద నమ్మకం లేక గాదు బిడ్డా. నా గుండె మీద నమ్మకం లేక."

సూర్యప్రభ ఎడంగా కూర్చోవడం ఇక తన వల్ల కాలేదు. జరిగి తండ్రి భుజానికి తల ఆనించింది. కోపం పోయిందని కాదు. కోపం ఉండగానే ప్రేమ పొంగడం ఆమెకి అదే మొదటిసారి కాదు.

"మళ్ళ అడుగు బాపు. ఈసారి నిజంగ కట్టి అడుగు."

"నేనడగ. ఈ చేతులు మళ్ళ గట్లనే జేస్తయేమో. నువ్వే అడుగు."

"పొట్లాలు కట్టాలె గద."

"పొట్లాలు లేకుంటనే అడుగు. ఆయనకు చెవులు లేవా ఏంది?"

ఆమె లేచి తెర ముందుకు వెళ్ళి కూర్చుంది.

స్వామీ, అని మొదలుపెట్టింది. ఆ తర్వాత మాట దొరకలేదు. ఈయనతో ఎన్ని మాట్లాడింది చిన్నప్పటినుంచీ! దారం తెగితే పోట్లాడింది. వానకి పూలు కుళ్ళిపోతే అలిగింది. గాజులు పోయిన కొత్తలో ఏడాదిపాటు మాటలే మానేసి, దండ ఇచ్చి మొహం తిప్పుకుని వెళ్ళిపోయేది. ఇవాళ మాత్రం కొత్తవాళ్ళింటికి వచ్చినట్టు బెరుగ్గా కూర్చుంది.

వద్దని చెప్పేస్తా, అనుకుంది. అనుకోగానే ఒళ్ళో నిద్రపోయిన తులజ బరువు గుర్తొచ్చి, కళ్ళు నిండాయి.

పోనీ ఏమీ ఎరగనట్టు ఊరుకుని చేసేసుకుంటా. అన్న చెప్పిందే మేలు, పువ్వు బావిలో పడింది, ఎవరికి తెలుస్తుంది? ఇలా అనుకోగానే ఊపిరి సగంలో ఆగింది. రామ్‌చందర్ తనని చూసే చూపు గుర్తొచ్చింది. ఆ చూపుని రోజూ ఎదుర్కోవాలి, లోపల ఈ మాట దాచుకుని.

అలా ఎంతసేపు కూర్చుందో తెలియదు. అటు తిరిగినా గోడే, ఇటు తిరిగినా గోడే. అడగడం కూడా మానేసింది. అలసిపోయి, ఊరికే తెరవైపు చూస్తూ కూర్చుంది. అప్పుడు ఒక మాట వచ్చింది.

ఆయనకి చెప్పు.

అంతే. చేసుకో అనలేదు. వద్దు అనలేదు. రామ్‌చందర్‌కి జరిగింది జరిగినట్టు చెప్పు. గొంతు వినిపించలేదు, ఒళ్ళు జలదరించలేదు. కానీ మాట స్పష్టంగా ఉంది, ఆమె వెతుకుతున్న మాట మాత్రం అది కాదు. చెబితే అంతా చెడిపోవచ్చని ఆమెకి తెలుసు. అయినా పొద్దుటినుంచి బిగబట్టుకున్న భుజాలు దిగాయి. ఆగిన ఊపిరి పూర్తిగా వచ్చింది. తలమీది గంపని ఎవరో పట్టి దించినట్టు అయింది.

అదే వేళకి తెర వెనక గంట మోగింది. నైవేద్యానికి రోజూ మోగే గంటే అది. దాన్ని నేను సూచన అనను, మీరూ అనొద్దు.

తిరిగి తండ్రి దగ్గరికి వచ్చి చెప్పింది.

"ఇది ఆయన మాటనా, నా మాటనా? ఎట్ల తెలుస్తది బాపు?"

"నాకు మాత్రం ఏం తెలుసు బిడ్డా, దండలు కట్టేటోన్ని. గని ఒకటి. మనకు లాభమొచ్చే మాటయితే అది మనదే కావొచ్చు. నష్టమైతదని తెలిసి గూడ మనసు నిమ్మళమైందంటే, ఆ నిమ్మళం మనం తెచ్చుకున్నది గాదు."

"చెప్తే లగ్గం చెడుతదేమో."

"చెడొచ్చు."

"వాడకట్టంత నిన్ను అంటది. స్వామిని మోసం జేసిండని అంటది. గుళ్ళె పూలపని గూడ పోతదేమో."

రంగనాథ్ గంప అంచు మీద వేళ్ళు ఆడించాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చేస్తున్న పని అది.

"పోవొచ్చు," అన్నాడు.

"నీకు భయమైతలేదా?"

"అయితుంది," అన్నాడాయన. "చెప్పు. నేను నీ పక్కనే కూసుంట."

*

సాయంత్రం దీపాలు పెట్టే ముందే చంద్రమ్మ వచ్చింది. వెనక తమ్ముడు రామ్‌చందర్, చేతుల్లో పళ్ళెం. పళ్ళెంలో అరటిపండ్లు, పసుపు కుంకుమ, ఆకుపచ్చ చీర.

చంద్రమ్మ చక్కగా నవ్వే మనిషి. పెళ్ళయిన కొద్దికాలానికే మొగుడు పోయి తమ్ముడి పంచన చేరింది. తమ్ముడి భార్య పోయాక తులజని పెంచింది ఆమే. అమ్మ పోయేనాటికి పిల్ల ఉయ్యాలలో ఉంది.

"పిల్లను తేలేదా?" అంది రుక్మిణమ్మ, చాప పరుస్తూ.

"పక్కింట్ల పండవెట్టొచ్చిన. జల్ది పోవాలె. నేను లేకుంటే లేస్తది."

రుక్మిణమ్మ కూతురి వైపు గుడ్లురిమింది. ఆ చూపుకి అర్థం మధ్యాహ్నం నుంచీ ఆమె పదేపదే చెబుతున్నదే. నోరు మూస్కో. ఒక్క పూట నోరు మూస్కో, నీ బతుకు బాగుపడతది.

చంద్రమ్మ పళ్ళెం అందుకుని లేచింది. "రా అమ్మా సూర్యప్రభా, ఇటు కూసో. ఈ పళ్ళెం అందుకో."

"ఆగు అక్కా. దానికంటె ముందల ఒక మాట చెప్పాలె."

బాలకిషన్ దగ్గాడు. అలివేలు తలుపు చెక్క పట్టుకుంది. రంగనాథ్ మాత్రం వచ్చి, చెప్పినట్టే, కూతురి పక్కన చాప మీద కూర్చున్నాడు.

సూర్యప్రభ చంద్రమ్మకి కాదు, రామ్‌చందర్‌కి చెప్పింది. అతని కళ్ళలోకి చూస్తూ చెప్పడం కుదరలేదు, చాప అంచుని చూస్తూ చెప్పింది. రెండు పొట్లాల్లోనూ తెల్లపువ్వే ఉందని. అడిగినట్టు అడిగామే గానీ, నిజంగా అడగలేదని. స్వామి ఔనన్నాడని పంపిన కబురు నిజం కాదని.

"కట్టింది నేను," అన్నాడు రంగనాథ్. "బిడ్డకు తెల్వదు. తప్పు నాది."

సందులో గాజులు అమ్మే మనిషి కేక దూరమైపోయింది.

చంద్రమ్మ చేతిలో పళ్ళెం చప్పుడు చేసింది. దాన్ని తమ్ముడి ఒళ్ళో పెట్టేసింది.

"దేవుని ముందలనే గిట్ల జేసినోళ్ళు, రేపు మాతోని ఎట్లుంటరు? లేవు రామ్‌చందర్. పోదాం పా."

రామ్‌చందర్ లేవలేదు.

"లేవమంటున్న గద!"

"అక్కా, ఒక్క నిమిషం." అతను పళ్ళెం కింద పెట్టాడు. తలెత్తి సూర్యప్రభని చూశాడు. "నువ్వు చెప్పకుంటే మాకు తెలుస్తుండెనా?"

"తెల్వకపోతుండె."

"మరెందుకు చెప్పినవ్?"

"చెప్పమన్నడు," అంది సూర్యప్రభ. ఎవరని అతను అడగలేదు.

"సరే," అన్నాడు రామ్‌చందర్. గొంతు సర్దుకున్నాడు. స్టేషన్ కిటికీలోంచి ఊరి పేరూ పైసలూ తప్ప మాట్లాడని మనిషి, ఒక్కో మాటా కూడబలుక్కున్నాడు. "స్వామి చెప్పిండో లేదో మనకు తెల్వదు. మీ బాపు ఏమనుకుంటున్నడో తెలిసింది. మీ అమ్మ, మీ అన్న, మా అక్క అందరు ఏమనుకుంటున్నరో తెలుసు. నువ్వేమంటవ్? నీకు నా ఇంటికి రావాలని ఉన్నదా?"

మొదటి పెళ్ళప్పుడు ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. నిన్నా ఎవరూ వేయలేదు. దేవుణ్ణి అడిగారు గానీ ఆమెని అడగలేదు. ఆమె అయినా తనని తాను అడుక్కుందా, లేదే! ఆయన ఔనంటే చాలని దాక్కుంది. పొద్దున తాను బావిలో వదిలిన ఔను, ఇప్పుడు తన నోటితోనే చెప్పాలి.

సూర్యప్రభ తలెత్తి, ఈసారి అతని కళ్ళలోకే చూసింది.

"ఉన్నది," అంది. "మస్తు ఉన్నది."

అలివేలు తలుపు చాటున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రుక్మిణమ్మ ఏదో అనబోయి, కళ్ళొత్తుకుంది. రామ్‌చందర్ చెవులదాకా ఎర్రబడ్డాడు. నవ్వడం తెలియనట్టు మొహం కిందికి దించుకున్నాడు.

చంద్రమ్మ అప్పటికే వాకిట్లో ఉంది. ఒక కాలికి చెప్పు తొడుక్కుంది.

"చేస్కో రా," అంది, వెనక్కి తిరక్కుండా. "నీ ఇష్టం. నీ పెండ్లి నువ్వు చేస్కో. పిల్లను మాత్రం నేనియ్య. మా అత్తగారి ఊరికి తోల్కపోత. ఈ దేవుణ్ణి మోసం జేసినోళ్ళ చేతుల పిల్లను పెట్ట."

"అక్కా, తులజ నా బిడ్డ."

"కన్నవ్! నువ్వు కన్నవ్. నేను..." చంద్రమ్మ గొంతు తెగిపోయింది.

అందరూ ఆమె కోపం విన్నారు. సూర్యప్రభ ఆ తెగిన గొంతు విన్నది. పొట్లం మాట వచ్చినప్పుడు చంద్రమ్మ గొంతు గట్టిగానే ఉంది. పిల్ల మాట దగ్గరే విరిగింది.

రామ్‌చందర్ లేచి అక్క వైపు రెండడుగులు వేశాడు. సూర్యప్రభ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. తానే వాకిట్లోకి వెళ్ళి నిలబడింది.

"అక్కా, ఈ లగ్గం మాటలు నడవవట్టి ఇన్ని దినాలాయె. నీకేం గావాల్నో నిన్నెవరన్న అడిగిండ్రా?"

చంద్రమ్మ రెండో చెప్పు కోసం పెట్టిన కాలు అక్కడే ఆగింది.

"నన్నెందుకు అడుగుతరు? నేనెవర్ని?"

"నేనడుగుతున్న."

చంద్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అలాగే గడప మీద కూర్చుండిపోయింది. సూర్యప్రభ పక్కన కూర్చుని ఆమె చేతి మీద చెయ్యి వేసింది. చంద్రమ్మ ఆ చేతిని తోసెయ్యలేదు, పట్టుకోనూ లేదు.

"ఉయ్యాల్ల పడ్డకాంచి నా పక్కలనే పండుకుంటది," అంది చివరికి, చాలా చిన్న గొంతుతో. "నా చెవి పట్టుకోని పండుకుంటది. నువ్వొచ్చినంక నీ పక్కల పండుకుంటది. అమ్మ గద, పండుకుంటది. నాకు ఆ పిల్ల లేకుంటే నిద్ర పట్టదు. అడిగినవ్ గద, చెప్పిన. ఇప్పుడేం జేస్తవ్?"

"తెల్వదు అక్కా," అంది సూర్యప్రభ. "గని నిన్నడగకుంట ఆ పిల్లను నా పక్కల పండవెట్ట."